రాయికి ప్రాణం వచ్చేదాకా



ఉప్పునీటి అక్వేరియం మీద మోజు ఈమధ్య మన ఊళ్లలోనూ పెరిగింది. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపను ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఆ కోరిక పుట్టడం సహజం. దుకాణానికి వెళ్తారు. అద్దాల తొట్టి, ఉప్పు, లైటు, పంపు, చేపలు అన్నీ ఒకే రోజు ఆటోలో ఇంటికొస్తాయి. వారం తిరక్కుండానే చేపలు ఒకటొకటిగా చచ్చి తేలతాయి. నీళ్లు చూస్తే తేటగానే ఉంటాయి. చేపల ఒంటి మీద మచ్చ ఉండదు, పుండు ఉండదు. ఉప్పునీటి చేపలు మనకి అచ్చిరావనుకుని తొట్టిని అటకెక్కిస్తారు.

ఆ చేపల్ని చంపింది అవి వదిలిన అమ్మోనియానే. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. సముద్రంలో ఆ అమ్మోనియాను తిని బతికే సూక్ష్మజీవులు అడుగడుగునా ఉంటాయి. కొత్త తొట్టిలో అవి లేవు. అవి వచ్చి, పెరిగి, తొట్టిలో కాపురం పెట్టడానికి పట్టే కాలాన్నే అక్వేరియంవాళ్లు సైక్లింగ్ అంటారు. ‘ట్యాంకు సైకిల్ అయిందా?’ అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఆ పని చక్కగా జరగడానికి వాళ్లు నమ్ముకున్నది లైవ్ రాక్, అంటే పగడపు దిబ్బల దగ్గర దొరికే, నిండా జీవులున్న రాయి.

ఈ రాయి గురించి నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట ఒకటుంది. దాని విలువంతా అందులో చేరిన ప్రాణులదే. ఆ ప్రాణులు, కాలం ఇస్తే, మనం పెట్టిన ఏ మంచి రాయిలోనైనా చేరతాయి. అందుకే సముద్రంలోంచి రాయి పెకలించి తెచ్చుకోవలసిన అవసరం మనకి లేదు. ఎందుకు లేదో, లేకుండా ఎలా చేసుకోవచ్చో చెబుతాను.

రొయ్యల రైతులెవరైనా వింటుంటే అమ్మోనియా గోల వాళ్లకి కొత్త కాదు. భీమవరం, బాపట్ల, నెల్లూరు వైపు చెరువు నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకి తీసుకెళ్లి, అమ్మోనియా ఎంతుంది, నైట్రైట్ ఎంతుంది అని రిపోర్టు తెచ్చుకోవడం వాళ్లకి అలవాటైన పని. ఏరేటర్లు ఆగిపోతే ఏమవుతుందో కూడా వాళ్లకి తెలుసు. చెరువులో జరిగేదీ, డ్రాయింగ్ రూములో అద్దాల తొట్టిలో జరిగేదీ ఒకే రసాయన వ్యవహారం.

అది మూడు మెట్లలో నడుస్తుంది. ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో జాతి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకారి కాదు, కొంత మేర పేరుకున్నా చేపలు తట్టుకుంటాయి. ఇక మూడో మెట్టు రాయి లోపల, ఆక్సిజన్ అందని సన్నని రంధ్రాల్లో జరుగుతుంది. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తుంది. అది బుడగలై గాలిలో కలిసిపోతుంది. ఒకే రాయి పై పొరలో గాలి కావలసినవాళ్లూ, లోపలి గదుల్లో గాలి గిట్టనివాళ్లూ కలిసి కాపురం చేయడం వల్లనే ఇది సాధ్యమవుతుంది. లైవ్ రాక్ ఎక్కువగా పాత పగడాల అస్థిపంజరమే, అది కాల్షియం కార్బొనేట్‌తో తయారైన, గుల్లగా ఉండే పదార్థం. అందుకే లైవ్ రాక్‌కి అంత పేరు.

ఉప్పునీటిలో అమ్మోనియా మరీ ప్రమాదం. సముద్రపు నీటి పీహెచ్ 8.1, 8.2 ప్రాంతంలో ఉంటుంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే చేపకి విషం. పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే 8.2 దగ్గర ఆ విషరూపం వాటా పది రెట్లకు పైగా పెరుగుతుంది. పీహెచ్ 7 నీళ్లలో చేపలు తట్టుకునే మోతాదు పగడపు దిబ్బ చేపకి మరణశాసనం కావచ్చు. నైట్రైట్ సంగతి మాత్రం తిరగబడింది. సముద్రపు నీటిలో దండిగా ఉన్న క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది కాబట్టి, మంచినీటి చేపలంత తేలిగ్గా ఉప్పునీటి చేపలు దానికి లొంగవు.

ఈ బ్యాక్టీరియా ఉనికిని మనకి విడమరిచి చూపించినవాడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త. 1890లో జ్యూరిక్‌లో పనిచేస్తూ వీటిని వేరుచేశాడు. మామూలు సూక్ష్మజీవులకి పెట్టే పుష్టికరమైన ఆహారం మీద ఇవి పెరగలేదు. అప్పుడాయన ఆ ఆహారం తీసేసి, సేంద్రియ పదార్థమేదీ లేని సిలికా జెల్ మీద పెంచాడు. కేవలం అమ్మోనియా నుంచి శక్తిని, బొగ్గుపులుసు వాయువు నుంచి ఒంటిని సంపాదించుకునే జీవులివి. అంత కష్టపడి బతికేది తొందరగా పెరగలేదు. మన పేగుల్లోని ఈ-కోలై అన్నీ అమరితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఇవి రెట్టింపవడానికి పూట నుంచి రోజు దాకా పడుతుంది. ట్యాంకు సైకిల్ అవడానికి వారాలు పట్టడంలోని కిటుకంతా ఇదే. ఏ దుకాణంవాడూ, ఏ సీసా మందూ దాన్ని ఒక్క రాత్రికి కుదించలేవు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే పని బ్యాక్టీరియాదేనని శాస్త్రవేత్తలు నూరేళ్లకు పైగా అనుకున్నారు. 2005లో అమెరికాలోని సియాటెల్ పబ్లిక్ అక్వేరియంలో, ఒక ఉష్ణమండల సముద్రపు తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లలోంచి నైట్రోసోప్యూమిలస్ అనే జీవిని వేరుచేశారు. అది బ్యాక్టీరియా కుటుంబానికే చెందదు, ఆర్కియా అనే వేరే శాఖకి చెందుతుంది. ఆ బంధువర్గం ప్రపంచ సముద్రాలన్నిటిలోనూ లెక్కకు మించి ఉందని, అమ్మోనియా పనిలో పెద్ద భాగం వాటిదేనని తర్వాత తేలింది. సముద్ర శాస్త్రానికి అంత పెద్ద సంగతి ఒక చేపల తొట్టి అడుగున దొరికింది. మన తొట్టిలో కంటికి కనబడకుండా జరిగే పనిని చిన్నచూపు చూడకూడదని నాకనిపించేది అందుకే.

ఇక రాయి కథ. సముద్ర జీవుల్ని ఇంట్లో పెంచే అలవాటు ఇంగ్లండులో ఊపందుకుంది. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి రాతి పగడాల్ని లండన్ ఇంటికి తెచ్చుకుంది. నీళ్లకి గాలి తగలడం కోసం ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి, ఆ నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ధారగా పోస్తుండేది. పంపులు లేని రోజుల్లో ఆ పనిమనిషి చేతులే పంపు. ఆ తర్వాత ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చొరవతో 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజలకోసం చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది గాస్ రాసిన అక్వేరియం పుస్తకం వచ్చింది. ఆ పుస్తకం చదివి వేలమంది సముద్రపు ఒడ్డుకి బుట్టలతో, సుత్తులతో బయల్దేరారు.

దాని ఫలితాన్ని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో ‘ఫాదర్ అండ్ సన్’ అనే తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. తన చిన్నతనంలో నాన్నతో కలిసి వంగి చూసిన రాతి గుంటలు, వాటిలోని అందమంతా ఇక లేవని, సేకరించడానికి వచ్చినవాళ్లు ఊడ్చుకుపోయారని, దానికి తానే కారణమయ్యానన్న బాధ తన తండ్రిని వెంటాడిందని చెప్పాడు. ఈ అభిరుచిని ప్రేమించే ప్రతివాళ్లూ తెలుసుకోవలసిన సంగతిది. సముద్రం మీద ప్రేమతో మొదలుపెట్టిన పనే సముద్రాన్ని బోడి చేసింది.

గాస్ పుస్తకం వచ్చిన నూరేళ్లు దాటాక, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో తన పద్ధతి వివరించాడు. పెద్ద ఫిల్టర్లు లేవు, మందులు లేవు. సముద్రపు నీరు, దిబ్బ మీది రాయి, సన్నగా గాలి బుడగలు, ఎండ. అంతే. రాయే ఫిల్టరు అని లోకానికి చూపించినవాడాయన. ఆ తర్వాత బెర్లిన్‌లోని అభిరుచిగలవాళ్లు ఈ రాయికి ప్రోటీన్ స్కిమ్మర్‌ను జతచేశారు. అది నీళ్లలో నురగ పుట్టించి, కుళ్లకముందే మురికిని ఆ నురగతో పాటు బయటకి లాగేసే యంత్రం. నేటికీ బెర్లిన్ పద్ధతి పేరుతో అదే నడుస్తోంది. దాంతో రాయికి గిరాకీ ఎగబాకింది. ఫిజీ నుంచి, ఇండోనేషియా నుంచి పెట్టెలకి పెట్టెలు విమానాల్లో అమెరికాకీ, ఐరోపాకీ వెళ్లాయి.

ఫ్లోరిడాలో మాత్రం దారి మార్చారు. అక్కడి సముద్రంలో సహజంగా ఉన్న రాయిని తీయడం 1990ల చివరికల్లా ఆగిపోయింది. లీజుకి తీసుకున్న సముద్రపు నేల మీద క్వారీ సున్నపురాయిని దింపి, కొన్నేళ్లు వదిలేసి, జీవులు పట్టాక తీసుకునే సాగు మొదలైంది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో ఈ అభిరుచి ఉన్నవాళ్లు కొనదలిస్తే అలా పండించిన రాయినే కొనాలని నా విన్నపం.

ఆ రాయి ఇంటికొచ్చినప్పుడు ఏం చూస్తారో కూడా చెబుతాను. తడి కాగితాల్లో చుట్టి, పెట్టెలో పెట్టి పంపుతారు. మూత తీయగానే ఎండురొయ్యల వాసన వస్తే మంచిదే. కుళ్లిన గుడ్ల వాసన వస్తే లోపల చాలా ప్రాణాలు పోయాయన్నమాట. గాలి తగిలితే స్పాంజి బతకదు. తెల్లగా, జిగటగా, దూది పొరలా రాయికి అంటుకుని ఉంటే అది చచ్చిన స్పాంజి. పాత టూత్‌బ్రష్షుతో దాన్ని ఉప్పునీటిలోనే రుద్ది తీసేయాలి, కుళాయి నీళ్లు తగలనివ్వకూడదు. తర్వాత పెద్ద ప్లాస్టిక్ టబ్బులో, చీకట్లో, 25, 26 డిగ్రీల ఉప్పునీటిలో పంపు పెట్టి ఉంచాలి. దీన్ని క్యూరింగ్ అంటారు. చావగా మిగిలినవి కుళ్లి అమ్మోనియా గుప్పుమంటుంది. ఆ అమ్మోనియానే రాయిలోని బ్యాక్టీరియాకి మేత. అలా చావు నుంచే సైకిల్ మొదలవుతుంది. ఊదారంగు, గులాబిరంగు పూతలా ఉండే కోరలైన్ నాచు మాత్రం చాలా వరకు నిలుస్తుంది.

మన దేశం సంగతి వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాల్నీ, సీ ఫ్యాన్లనీ అందులో మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీదున్న సైటీస్ ఒప్పందం కింద దేశాల మధ్య రాతి పగడాల వ్యాపారానికి కూడా అనుమతి పత్రాలు కావాలి. లైవ్ రాక్‌నీ ఆ పద్దు కిందే లెక్కకడతారు.

ఆ చట్టం ఉత్తినే రాలేదు. తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో 21 దీవులుండేవి. 1986లో వాటిని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. సున్నం కోసం, కట్టడాల కోసం అక్కడ ఏళ్ల తరబడి పగడపు రాయి తవ్వారు. అలల్ని విరగ్గొట్టే దిబ్బ పోతే దీవి నిలవదు. ఆ 21లో రెండు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. మన కోస్తాలో అలాంటి పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడాలకి పడవు. మన దేశానికున్న దిబ్బలు ముఖ్యంగా మన్నార్‌లో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, కచ్ సింధుశాఖలో ఉన్నవే. మన డ్రాయింగ్ రూముల కోసం వాటిలోంచి ఒక్క ముక్క తీయడం కూడా నాకు సమ్మతం కాదు.

మరి ఎలా? ముందు నీళ్లు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పనికిరావు. వాటిలోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ తొట్టిని నాచుతో నింపేస్తాయి. ఇంట్లో తాగే నీళ్ల ఫిల్టరు చాలదా అని చాలామంది అడుగుతారు. అది తాగే నీళ్లు చప్పగా ఉండకూడదని కొన్ని లవణాలు కావాలనే మిగులుస్తుంది. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఅయనైజేషన్ గొట్టం పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపించేదాకా శుద్ధి చేసిన నీరే కావాలి.

తర్వాత ఉప్పు. కల్లుప్పు వేస్తే సముద్రపు నీరవుతుందని అనుకునేవాళ్లున్నారు. నౌపడ మళ్లలో ఉప్పు ఎలా పండుతుందో చూసినవాళ్లకి అసలు సంగతి తెలుస్తుంది. నీరు ఇగిరేకొద్దీ ముందు జిప్సం గడ్డకట్టి, కాల్షియంలో చాలా భాగం అక్కడే పోతుంది. తర్వాత ఉప్పు తేలుతుంది. మెగ్నీషియం, పొటాషియం చేదునీటిలో మిగిలిపోతాయి, ఆ నీటిని పారబోస్తారు. చేతికొచ్చేది దాదాపు ఒట్టి సోడియం క్లోరైడ్. అక్వేరియం కోసం అన్ని లవణాలూ పాళ్లతో కలిపిన ఉప్పునే వాడాలి. 100 లీటర్లకి మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది. ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో కిలో నీటికి 35 గ్రాముల దగ్గర గీత రావాలి. నీరు ఇగిరినప్పుడు పోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. తగ్గిన మేరకు మంచినీరే పోయాలి.

ఇక రాయి విషయానికొస్తే, ఎండు కృత్రిమ రాయి వాడవచ్చు. అరగోనైట్‌తోనో, సిరామిక్‌తోనో గుల్లగా చేసిన రాళ్లు దొరుకుతున్నాయి. కొందరు సిమెంటుతో ఇంట్లోనే పోసుకుంటారు. అయితే సిమెంటు క్షారం వదులుతుంది కాబట్టి దాన్ని వారాల తరబడి మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ మామూలుకి వచ్చాకే తొట్టిలో పెట్టాలి. రాళ్లను గోడలా బిగించి పేర్చకండి. నీరు వెనక నుంచి, కింద నుంచి పారేలా గుహలు వదలండి.

ఇప్పుడు దానికి ప్రాణం పోయాలి. పాలకి తోడు వేసినట్టే ఇదీ. చాలా కాలంగా నడుస్తున్న మంచి తొట్టి ఉన్నవాళ్ల దగ్గర గుప్పెడు ఇసుకో, వాళ్లు పెట్టుకున్న కృత్రిమ రాయి ముక్క ఒకటో అడిగి తెచ్చి ఈ తొట్టిలో వేయాలి. అందులో బ్యాక్టీరియా ఉంటుంది, కంటికి ఆనని పురుగులుంటాయి, చుక్కల్లా పరిగెత్తే కోపెపాడ్లుంటాయి. అలాంటి స్నేహితుడు దొరక్కపోతే సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వాడవచ్చు. గడువు చూసుకుని, ఎండలో పెట్టి అమ్మని చోట కొనండి.

తర్వాత వాటికి మేత వేయాలి. బజారులో కొన్న పచ్చిరొయ్య ఒకటి వలిచి తొట్టిలో వేసి కుళ్లనివ్వడం పాత పద్ధతి. పని జరుగుతుంది, వాసనా వస్తుంది, లెక్క మాత్రం చేతిలో ఉండదు. నాకు నచ్చేది అమ్మోనియం క్లోరైడ్. కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం ఇదే. కాకపోతే తొట్టికి ల్యాబు శుద్ధి ఉన్నదే కావాలి. 100 లీటర్లకి సుమారు 0.6 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం దగ్గర నిలుస్తుంది. ఎక్కువేస్తే తొందరగా అవుతుందనుకోకండి. 5 పీపీఎం దాటితే బ్యాక్టీరియా పనే మందగించవచ్చు. చేపనే వేసి దాని అమ్మోనియాతో సైకిల్ చేయించే పద్ధతి కూడా ఒకప్పుడు ఉండేది. అది క్రూరం. దాన్ని ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

పంపు ఆగకూడదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్ దాకా తీసుకెళ్లడానికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. నీటిలోని క్షారతా తరుగుతుంది. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ గాలిపంపు మన ఊళ్లలో తప్పనిసరి. వేసవిలో నీటి మీదుగా ఫ్యాను వీచేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను అంతగా పనిచేయదు. అక్కడ నీటిని చల్లబరిచే చిల్లరు కొనే స్తోమత లేకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇక మీరు చేయవలసింది కొలవడం. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, కిట్టులోని చుక్కలు లెక్కగా వేసి, బిరడా బిగించి కుదిపి, అయిదు నిమిషాలు ఆగండి. పగటి వెలుగులో తెల్ల అట్ట మీద రంగు పట్టీ పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద చూస్తే కన్ను మోసపోతుంది. సాధారణంగా దొరికే కిట్లలో పసుపుపచ్చ ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. మొదట్లో రోజుల తరబడి అదే ఆకుపచ్చ. ఏమీ జరగడం లేదేమోనని బెంగ పుడుతుంది. ఆ తర్వాత ఒకనాడు ఆకుపచ్చ కాస్త పలచనవుతుంది. అదే రోజు నైట్రైట్ గొట్టంలో లేతనీలం ఊదాగా మారుతుంది. మొదటి జాతి పనిలోకి దిగిందనడానికి అది సాక్ష్యం. రెండో జాతికి మేత అప్పుడే పుట్టింది కాబట్టి దాని పెరుగుదల అక్కణ్నుంచే మొదలవుతుంది. అందుకే నైట్రైట్ చాలా రోజులు దిగిరాదు. ఈ దశలో నైట్రేట్ కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది, నైట్రైట్ ఆ పరీక్షలో కలగజేసుకుంటుంది. అది దిగిపోయాకే నైట్రేట్ చూడండి.

2 పీపీఎం అమ్మోనియా వేస్తే, మరుసటి రోజు అదే వేళకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి. వచ్చిందా, సైకిల్ అయినట్టు. మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు. పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి అప్పుడు నీళ్లు ఎక్కువ మొత్తంలో మార్చాలి.

ఈలోగా రాయి రంగు మారుతుంది. మొదట గోధుమరంగు దుమ్ములాంటి పొర పరుచుకుంటుంది. అది డయాటమ్లు, సిలికాతో గుల్ల కట్టుకునే జీవులు. తొట్టి పాడైందని చాలామంది ఈ దశలోనే చేతులెత్తేస్తారు. ఏమీ చేయకండి, సిలికా అయిపోతే అదే పోతుంది. ఆ తర్వాత వెంట్రుకల్లా పచ్చనాచు వస్తుంది. లైటు తగ్గించి, చేత్తో పీకండి. టర్బో నత్తలు నాలుగు వేస్తే రాత్రంతా గీకుతూ తింటాయి. మరికొన్ని నెలలకి, తోడు పెట్టిన రాయి పక్కన, రాళ్ల అంచుల మీద, పంపు మూత మీద గులాబిరంగు చుక్కలు కనిపిస్తాయి. అది కోరలైన్ నాచు. తెల్లగా పెట్టిన రాయి అప్పటికి లైవ్ రాక్ అయింది.

రాత్రి లైటు ఆర్పిన గంట తర్వాత టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి ఆ రాయిని చూడండి. ఎర్ర వెలుగు చాలా జీవులకి తెలియదు, పారిపోవు. పగలు ఒట్టి రాయిగా ఉన్న చోట రంధ్రాల్లోంచి దారపు పోగుల్లా పురుగుల కొమ్ములు బయటికొచ్చి ఊగుతుంటాయి. రెండు పక్కలా ముళ్ల వెంట్రుకలున్న బ్రిసిల్ పురుగులు మెల్లగా పాకుతుంటాయి. ఇవి మిగిలిన మేతను తిని శుభ్రం చేసేవి, చంపకండి. చేత్తో పట్టుకుంటే మాత్రం ఆ ముళ్లు దిగి మంట పెడతాయి. కొన్నిసార్లు పిలవని చుట్టాలూ వస్తారు. చీకట్లో టక్‌మని గాజు మీద గోటితో కొట్టినట్టు వినిపిస్తే మాంటిస్ రొయ్య అయివుండవచ్చు. దెబ్బతో నత్త గుల్లని పగలగొట్టగలదది. లేతగోధుమరంగులో చిన్న పువ్వులా విచ్చుకునే ఐప్టేసియా అనే అనెమనీ కనిపిస్తే దాన్ని నలపకండి. తెగిన ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. పెప్పర్‌మింట్ రొయ్యలకి అది ఇష్టమైన తిండి. ఎండురాయితో మొదలుపెట్టినవాళ్లకి ఈ బెడద చాలా తక్కువ. తోడు ఇచ్చిన తొట్టిలో ఏమున్నాయో ముందే చూసుకుంటే సరిపోతుంది.

మొదటి చేప ఒక్కటే వేయండి. బ్యాక్టీరియా సంఖ్య దొరికే మేతకి తగ్గట్టు ఉంటుంది. ఒక్కసారిగా అరడజను చేపలు దిగితే వారాల శ్రమ వృథా. క్లౌన్ చేపల్ని హేచరీలోనే పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపంలో, విళింజంలో అభివృద్ధి చేసింది. సముద్రంలో పట్టినదా, హేచరీలో పుట్టిందా అని అడిగి, హేచరీ చేపనే కొనండి. దానికి తొట్టి కొత్త కాదు, మేత కొత్త కాదు, చక్కగా బతుకుతుంది. ఇక పగడాలంటారా, మన దేశంలో ఇంటి తొట్టికి అవి అక్కర్లేదని నా ఖచ్చితమైన అభిప్రాయం. రాయి, రెండు చేపలు, ఒక రొయ్య, నత్తలు, సముద్రపు నాచు మొక్కలు చాలు. చూసుకుంటూ గంటలు గడిపేయవచ్చు.

చివరిగా రెండు మాటలు. ఇప్పటికే నడుస్తున్న మంచి తొట్టి మీకుంటే, దాని అడుగున రెండు మూడు రాళ్లు అదనంగా వేసి ఉంచండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరు అడిగినా వాటిలో ఒకటి ఉచితంగా ఇవ్వండి. సముద్రంలోంచి తీసిన అసలు రాయి అనో, పగడమనో ఎవరైనా అమ్మజూపితే కొనకండి, దగ్గర్లోని అటవీశాఖ కార్యాలయానికి కబురు చేయండి.